పిల్లల్లో నత్తి: స్పీచ్ థెరపిస్టులు చేసే సాయం, ఇంటివారు తెలుసుకోవలసిన సంగతులు

పద్యం అప్పజెప్పమని పేరు పిలిచినప్పుడల్లా ఆ అబ్బాయి లేచి నిలబడి, "రాదు సార్" అని తల వంచుకుని కూర్చునేవాడు. చదివేది నాలుగవ తరగతి. రెండు నెలలపాటు నా మార్కుల పుస్తకంలో అతని పేరుకు ఎదురుగా సున్నలే పడ్డాయి. ఒకనాడు తరగతి మొత్తం ఒకే గొంతుతో అదే పద్యం చదువుతుండగా నేను వరుసల మధ్య నడుస్తూ అతని పక్కన ఆగాను. ఒక్క అక్షరం పొల్లుపోకుండా అందరితో సమానంగా చదువుతున్నాడు. పద్యం అతనికి రాకపోవడం కాదు, దాని మొదటి అక్షరమైన ‘ప’ అతని పెదవులు దాటి రావడం లేదు. "రాదు" అన్న మాట మాత్రం సులువుగా వచ్చేది. అందుకని దానినే చెప్పి కూర్చునేవాడు. వచ్చిన పద్యానికి సున్న వేసిన తప్పు నాది.

తరువాత అతని తల్లిని పిలిపించి మాట్లాడితే ఆమె అడిగిన ప్రశ్న ఇది: "ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం. రెండూ కలిసి బిడ్డ నాలుక తికమకపడుతోందని అందరూ అంటున్నారు అయ్యవారూ. ఇంట్లో తెలుగు మానిపించమంటారా?"

సరిహద్దు పల్లెల్లో ఈ ప్రశ్న ఆ ఒక్క తల్లిది మాత్రమే కాదు. బాగేపల్లి వైపైనా, హోసూరు వైపైనా, రాయగడలోనైనా, సిరొంచలోనైనా మన ఇళ్లలో పలికే భాష ఒకటి, బయట పలికే భాష మరొకటి. బిడ్డ మాట తడబడగానే నేరం మొదట ఇంటి భాష మీద పడుతుంది. అది నిజమా? నత్తి ఎందుకు వస్తుంది? స్పీచ్ థెరపిస్టు దగ్గరికి వెళితే ఏం చేస్తారు? ఇంట్లో, బడిలో మనం చేయవలసినది ఏమిటి? ఈ ప్రశ్నలకు సమాధానం చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

నత్తి అంటే ఏది, ఏది కాదు

మన వాడుకలో నత్తి, నంగి అనే రెండు మాటలను కలిపేస్తుంటారు. ‘ర’కు బదులు ‘ల’ పలకడం, ‘స’ పలకలేక ‘త’ అనడం వంటివి నంగిమాటలు. అవి ఉచ్చారణకు సంబంధించినవి. నత్తి అలాంటిది కాదు. నత్తి ఉన్న బిడ్డకు తాను ఏమి చెప్పదలచుకున్నాడో స్పష్టంగా తెలుసు. అక్షరాలన్నీ పలకగలడు. అయితే మాట ధార మధ్యలో తెగుతుంది. కన్నడిగులు దీనినే ఉగ్గు అంటారు, తమిళులు తిక్కువాయి అంటారు, మరాఠీవారు తోతరేపణా అంటారు. ఏ భాషవారికైనా ఉన్నదే, మన ఇళ్లకే ప్రత్యేకమైనది కాదు.

నత్తి మూడు రూపాల్లో కనిపిస్తుంది. మొదటిది, మాటలోని ఒక ముక్క పదేపదే రావడం: "నా-నా-నా-నాకు". రెండవది, ఒక ధ్వని సాగిపోవడం: "స్స్స్స్సార్". మూడవది, అసలు శబ్దమే రాకుండా అడ్డుపడడం. నోరు తెరిచి ఉంటుంది, పెదవులో గొంతో బిగుసుకుని ఉంటుంది, మాట మాత్రం బయటికి రాదు. ఈ మూడవ రూపాన్నే చాలామంది పెద్దలు పోల్చుకోలేరు. బిడ్డ మౌనంగా నిలబడ్డాడు కాబట్టి జవాబు తెలియదనుకుంటారు. నేను చేసిన పొరపాటు అదే.

మాటలు నేర్చుకునే పసివాళ్లు అందరూ కొంత తడబడతారు. "నాకు, నాకు, నాకు బొమ్మ కావాలి" అని పూర్తి మాటను రెండుమూడుసార్లు తిప్పడం, "ఊ... ఊ..." అంటూ ఆలోచించుకోవడం సహజమే. రెండు భాషల మధ్య పెరిగే పిల్లలు సరైన మాట వెతుక్కుంటూ ఇలా ఇంకాస్త ఎక్కువగా ఆగవచ్చు. దానిని నత్తి అని పొరబడకూడదు. మాటలోని మొదటి ముక్క తిరగడం, ధ్వని సాగడం, అడ్డుపడడం, వాటితో పాటు కళ్లు గట్టిగా మూసుకోవడం, తల విదిలించడం, కాలు నేలకు కొట్టడం కనిపిస్తే అది నత్తి అని అనుమానించాలి.

ఎందుకు వస్తుంది

నత్తి సాధారణంగా 2 నుంచి 5 ఏళ్ల మధ్య మొదలవుతుంది. 100 మంది పిల్లల్లో సుమారు 5 మందిలో ఏదో ఒక దశలో ఇది కనిపిస్తుంది. వారిలో ఎక్కువమందికి, అంటే నలుగురిలో ముగ్గురికి పైగా, కొంతకాలానికి తగ్గిపోతుంది. పెద్దయ్యాక కూడా మిగిలేది 100 మందిలో సుమారు ఒకరికి. ఆడపిల్లలకన్నా మగపిల్లల్లో ఇది ఎక్కువ కాలం నిలుస్తుంది.

దీనికి మూలం భయం కాదు, పెంపకం కాదు, దిష్టి అంతకంటే కాదు. మాటను నడిపే మెదడు భాగాల అమరికలో, వాటి మధ్య సమన్వయంలో స్వల్పమైన తేడాలు ఉంటాయని స్కానింగుల ద్వారా తేలింది. ఇది కుటుంబాల్లో తరతరాలుగా కనిపించేది కూడా. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల పరిశోధకులు పాకిస్తాన్‌కు చెందిన కొన్ని కుటుంబాలను పరిశీలించి, నత్తితో సంబంధమున్న 3 జన్యువులను 2010లో గుర్తించారు. ఆ తరువాత మరికొన్ని జన్యువుల సంగతి బయటపడింది. కాబట్టి తాతకో మేనమామకో నత్తి ఉన్న ఇంట్లో బిడ్డకు రావడం వింత కాదు. ఎగతాళి చేస్తూ అనుకరించినందువల్ల ‘అంటుకున్నది’ అనడం సరికాదు.

భయం, కంగారు, అలసట నత్తిని పుట్టించవు, కాని ఉన్నదానిని ఎక్కువ చేయగలవు. ఈ తేడాను ఇంటివారు మనసులో ఉంచుకోవాలి. తల్లిదండ్రుల తప్పు వల్ల నత్తి రాలేదు, కాని వారి తీరు వల్ల బిడ్డ భారం తగ్గవచ్చు, పెరగవచ్చు.

ఇక ఇంటి వైద్యాల సంగతి. బిడ్డకు మాటలు బాగా రావాలని వసకొమ్ము అరగదీసి నాకించడం మన అవ్వల కాలం నుంచి ఉన్న అలవాటు. గలగలా మాట్లాడేవాళ్లను వసపిట్ట అనడం అందుకే. అయితే వస నత్తిని పోగొడుతుందనడానికి ఆధారం లేదు. పసిబిడ్డకు అది వాంతులు కూడా తెప్పించవచ్చు. నోట్లో గులకరాళ్లు పెట్టి మాట్లాడించడం గొంతుకు అడ్డుపడే ప్రమాదమున్న పని. నాలుక కింది తాడు కోయిస్తే నత్తి పోతుందన్నది కూడా అపోహే. ఆ తాడుకూ నత్తికీ సంబంధం లేదు. మందుబిళ్లల విషయానికి వస్తే, అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ నత్తికి చికిత్సగా ఇంతవరకు ఏ మందునూ ఆమోదించలేదు. పది రోజుల్లో పూర్తిగా నయం చేస్తామని గ్యారంటీ ఇచ్చేవారిని నమ్మి డబ్బు పోగొట్టుకోవద్దు.

రెండు భాషలు నత్తికి కారణమా

కాదు. ఒకే భాష మాట్లాడే ఇళ్లలోనూ నత్తి ఉంది, రెండు మూడు భాషల ఇళ్లలోనూ ఉంది. ఇంటి భాషను ఆపివేస్తే నత్తి పోతుందని చూపిన ఆధారం ఏదీ లేదు. రెండు భాషలు తెలిసిన బిడ్డకు నత్తి ఉంటే అది సాధారణంగా రెండింటిలోనూ కనిపిస్తుంది, ఒకదానిలో కాస్త ఎక్కువగా, మరొకదానిలో కాస్త తక్కువగా ఉండవచ్చు. తెలుగు మానిపిస్తే బిడ్డ ఇంట్లో అవ్వతో, తాతతో మాట్లాడే మాటలు తగ్గుతాయి. తడబడినా ఎవరూ నవ్వని చోటు ఏదైనా ఉంటే అది ఇల్లే. ఆ చోటును మనమే మూసివేసినట్లవుతుంది.

మన ప్రాంతాల్లో గమనించవలసిన మరొక విషయం ఉంది. రెండు భాషలు తెలిసిన బిడ్డ నత్తిని దాచుకోవడానికి రెండవ భాషను అడ్డు పెట్టుకుంటాడు. ‘ప’ దగ్గర మాట ఆగే బిడ్డ పాలు అనడానికి బదులు కన్నడంలో హాలు అంటాడు. పులిని హులి అంటాడు, పువ్వును హూవు అంటాడు. ఇంటివారు "వీడికి కన్నడం అలవాటైపోయింది" అని నవ్వుకుంటారు. అలవాటు కాదది, తప్పించుకునే దారి. ఇలా మాటలు మార్చి మార్చి చెప్పే బిడ్డ పైకి సాఫీగా మాట్లాడుతున్నట్లే ఉంటాడు, లోపల ప్రతి వాక్యానికీ ముందు ఒక లెక్క వేసుకుంటూ ఉంటాడు. మార్చడానికి వీల్లేని మాట ఒకటుంది, అది తన పేరు. అందుకే చాలామందికి అన్నింటికన్నా కష్టం తమ పేరు చెప్పడమే. బడిలో హాజరు పిలిచే వేళ వారికి రోజూ ఒక పరీక్ష.

ఎప్పుడు వెళ్లాలి

"పెద్దయితే అదే పోతుంది" అనే మాటలో సగం నిజముంది. చాలామందికి పోతుంది. అయితే ఎవరికి పోతుందో, ఎవరికి నిలుస్తుందో ముందుగా కచ్చితంగా చెప్పే పరీక్ష లేదు. కొన్ని గుర్తులు మాత్రం ఉన్నాయి. ఈ కిందివాటిలో ఏది ఉన్నా ఎదురుచూడకుండా స్పీచ్ థెరపిస్టుకు చూపించడం మంచిది:

- నత్తి మొదలై 6 నెలలు దాటినా తగ్గకపోవడం, లేదా పెరుగుతూ రావడం.
- మూడున్నర ఏళ్లు దాటిన తరువాత మొదలు కావడం.
- పెద్దయ్యాక కూడా నత్తి పోనివారు కుటుంబంలో ఉండడం.
- మాట్లాడేటప్పుడు ముఖం, మెడ బిగుసుకోవడం, కళ్లు ఆర్పడం, కాలు తన్నడం.
- బిడ్డ మాట్లాడడానికి వెనుకాడడం, "నాకు మాట రాదు" అనడం, మాటలు మార్చడం.

చివరి గుర్తు కనిపిస్తే వయసుతో, నెలల లెక్కతో పనిలేదు. వెంటనే వెళ్లాలి. చిన్న వయసులో మొదలుపెట్టిన చికిత్స ఫలించే అవకాశం ఎక్కువ. అంతమాత్రాన పదేళ్లు, పదిహేనేళ్లు వచ్చిన బిడ్డకు ఆలస్యమైపోయిందని వదిలివేయకూడదు. ఆ వయసుకు తగిన సాయం వేరుగా ఉంది.

మొదటిసారి వెళ్లినప్పుడు

థెరపిస్టు ముందుగా ఇంటివారితో మాట్లాడతారు. ఎప్పుడు మొదలైంది, ఇంట్లో ఇంకెవరికైనా ఉందా, ఏ భాషలు ఎవరెవరితో మాట్లాడతాడు, ఎక్కడ ఎక్కువవుతోంది అని అడుగుతారు. తరువాత బిడ్డతో ఆడుతూ మాట్లాడిస్తారు, చదవగలిగితే చదివిస్తారు, దానిని రికార్డు చేస్తారు. ఎన్ని అక్షరాలకు ఎన్నిసార్లు తడబడ్డాడు, ఒక్కొక్క అడ్డు ఎంతసేపు నిలిచింది, ఒంట్లో బిగువు ఎంత ఉంది అని లెక్కిస్తారు. అవసరమైతే వినికిడి పరీక్ష కూడా చేస్తారు.

ఇక్కడ మనవాళ్లు అడిగి చేయించుకోవలసినది ఒకటుంది. బిడ్డ మాటను రెండు భాషల్లోనూ పరీక్షించమని కోరాలి. థెరపిస్టుకు తెలుగు రాకపోయినా తల్లో తండ్రో పక్కన కూర్చుని బిడ్డతో తెలుగులో మాట్లాడితే ఆయన లేదా ఆమె విని లెక్కించగలరు. ఇంట్లో బిడ్డ మాట్లాడుతుండగా ఫోనులో రెండు మూడు నిమిషాలు రికార్డు చేసుకుని తీసుకెళితే ఇంకా మేలు. కొత్తచోట పిల్లలు ముడుచుకుపోతారు, ఒక్కొక్కప్పుడు ఆ రోజు నత్తే కనిపించదు.

బడికి వెళ్లని వయసులో

ఆరేళ్లలోపు పిల్లల చికిత్సలో అసలు పని చేసేవారు తల్లిదండ్రులే. థెరపిస్టు వారికి శిక్షణ ఇస్తారు.

ఒక పద్ధతి ఆస్ట్రేలియాలోని సిడ్నీ నగరంలో 1980లలో రూపొందింది. అక్కడి ఒక పేట పేరు మీద దానిని లిడ్‌కోంబ్ పద్ధతి అంటారు. ఇందులో తల్లి లేదా తండ్రి రోజూ 10, 15 నిమిషాలు బిడ్డతో ఆటలో కూర్చుంటారు. మాట సాఫీగా వచ్చినప్పుడు "చక్కగా చెప్పావు కన్నా" అని మెచ్చుకుంటారు. అప్పుడప్పుడు మాత్రమే, నొప్పించకుండా, "అక్కడ కాస్త ఆగింది కదూ" అని గుర్తు చేస్తారు. ఆ రోజు నత్తి ఎంత ఉందో పది మెట్ల కొలతలో రాసుకుంటారు. వారం వారం థెరపిస్టు ఆ లెక్క చూసి దారి సరిచేస్తారు. న్యూజిలాండ్‌లో 54 మంది చిన్నపిల్లలతో జరిపి 2005లో ప్రచురించిన పరీక్షలో ఈ పద్ధతి పొందిన పిల్లలకు, పొందనివారికన్నా నత్తి స్పష్టంగా తగ్గింది. థెరపిస్టు నేర్పకుండా దీనిని సొంతంగా మొదలుపెట్టరాదు. తెలియనివారి చేతిలో అది తప్పులు పట్టడంగా మారుతుంది.

రెండవ పద్ధతిలో బిడ్డ మాటను నేరుగా తాకరు, చుట్టూ ఉన్న వాతావరణాన్ని మారుస్తారు. పెద్దలు తమ మాట వేగం తగ్గిస్తారు, ప్రశ్నల వాన తగ్గిస్తారు, బిడ్డ చెప్పింది పూర్తయ్యాక క్షణం ఆగి బదులిస్తారు. నెదర్లాండ్స్‌లో 199 మంది పిల్లలపై ఈ రెండు రకాల పద్ధతులను పోల్చి చూసిన ఫలితాలు 2015లో వెలువడ్డాయి. 18 నెలల తరువాత రెండు జట్లలోనూ పదిమందిలో ఏడుగురికి పైగా పిల్లలకు నత్తి లేదు. రెండింటి మధ్య చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. దానంతట అదే తగ్గినవారు కూడా అందులో ఉంటారన్నది నిజమే. అయినా ఏ పద్ధతి మేలు అని తర్కిస్తూ కూర్చోవడం కన్నా, అందుబాటులో ఉన్నదానిని మానకుండా సాగించడం మేలని ఇంటివారు గ్రహించవచ్చు.

బడి వయసులో

ఈ వయసుకు బిడ్డకు తన నత్తి సంగతి తెలిసిపోతుంది, సిగ్గు మొదలవుతుంది. అందువల్ల థెరపిస్టు మాటతో పాటు మనసుతో కూడా పని చేస్తారు.

మొదట మాట ఎలా పుడుతుందో బొమ్మ వేసి చెబుతారు. ఊపిరి, గొంతు, నాలుక, పెదవులు ఎలా కదులుతాయో, తనకు ఎక్కడ బిగుసుకుంటోందో బిడ్డే కనిపెడతాడు. తెలియని భూతం కన్నా తెలిసిన అడ్డు చిన్నది. తరువాత మాటను మెత్తగా మొదలుపెట్టడం, పెదవులను గట్టిగా నొక్కకుండా తేలికగా తాకించడం, వాక్యాన్ని ముక్కలుగా విరిచి మధ్యలో ఆగడం నేర్పుతారు.

అడ్డు పడినప్పుడు దానిని తెలివిగా దాటడానికి మరికొన్ని మెళకువలున్నాయి. వీటిని ప్రచారంలోకి తెచ్చిన అమెరికా ఆచార్యుడు చార్లెస్ వాన్ రైపర్ స్వయంగా నత్తి ఉన్నవాడు. తడబడిన మాట పూర్తయ్యాక ఒక క్షణం ఆగి దానినే మెల్లగా మళ్లీ పలకడం ఒకటి. అడ్డు మధ్యలోనే బిగువు సడలించి జారుకోవడం రెండవది. అడ్డు వస్తుందని తెలిసినప్పుడు ముందే నోటిని సిద్ధం చేసుకోవడం మూడవది. వీటి లక్ష్యం నత్తిని దాచడం కాదు, నత్తి వచ్చినా కష్టపడకుండా మాట్లాడడం.

ఇంటివారు బాగా అర్థం చేసుకోవలసినది ఇదే. "మా వాడికి పూర్తిగా పోతుందా?" అని అందరూ అడుగుతారు. కొందరికి పోతుంది, కొందరికి తగ్గుతుంది, కొందరికి తగ్గి మళ్లీ పెరుగుతుంది. నత్తి లేకపోవడం ఒక్కటే ఫలితం కాదు. బిడ్డ తనకు కావలసిన మాటను మార్చకుండా చెబుతున్నాడా, తరగతిలో చేయి ఎత్తుతున్నాడా, అంగడికి వెళ్లి తానే అడిగి తెస్తున్నాడా అన్నది చూడాలి. తడబడుతూ మాట్లాడే బిడ్డ, తడబడకుండా మౌనంగా ఉండే బిడ్డకన్నా ఎంతో ముందున్నాడు.

కాస్త పెద్దపిల్లలకు భయాల జాబితా రాయిస్తారు. తక్కువ భయమున్న పనితో మొదలుపెట్టి, ఫోనులో మాట్లాడడం, బస్సులో ఊరి పేరు చెప్పి టికెట్టు అడగడం, సభలో మాట్లాడడం వంటివాటికి మెట్టు మెట్టుగా తీసుకెళతారు. తనకు నత్తి ఉందని తానే ముందుగా చెప్పుకోవడం కూడా నేర్పుతారు. దాచవలసిన పని తప్పితే సగం బరువు దిగుతుంది.

ఇంట్లో చేయవలసినవి, చేయకూడనివి

"నిదానంగా మాట్లాడు", "ఊపిరి పీల్చుకో", "మళ్లీ సరిగ్గా చెప్పు" అనే మాటలు ప్రేమతోనే అంటాము. బిడ్డకు మాత్రం అవి ‘నువ్వు తప్పుగా మాట్లాడుతున్నావు’ అని వినిపిస్తాయి. నిదానం మనం పాటిస్తే చాలు, వాడిని పాటించమనవలసిన పని లేదు. వాడి వాక్యాన్ని మనం పూర్తి చేయకూడదు. చుట్టాల ముందు "ఏదీ, పాఠం అప్పజెప్పు" అని నిలబెట్టకూడదు. రోజుకు 5 నిమిషాలైనా ఫోను, టీవీ పక్కనపెట్టి ఆ ఒక్క బిడ్డతో కూర్చోవాలి. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు ఒకరి మాటకు ఒకరు అడ్డురాకుండా వంతులు పెట్టాలి. మాట ఎలా వచ్చింది అనేదానికి కాక, ఏం చెప్పాడు అనేదానికి బదులివ్వాలి. పెళ్లిలోనో జాతరలోనో "నత్తోడు" అని ఎవరైనా పిలిస్తే, బిడ్డ ఎదుటే "వాడికి పేరుంది, పేరుతో పిలవండి" అనాలి.

బిడ్డ మాటను తప్పుపట్టడం ఏం చేస్తుందో చూపే ఒక విషాద ఉదంతం ఉంది. 1939లో అమెరికాలోని అయోవా రాష్ట్రంలో ఒక అనాథాశ్రమానికి చెందిన 22 మంది పిల్లలపై ఒక ప్రయోగం చేశారు. మామూలుగా మాట్లాడే కొందరు పిల్లలను పదేపదే తప్పుపట్టి, మీకు నత్తి వస్తోందని చెప్పారు. వారికి నిజంగా నత్తి రాలేదు, కాని వారిలో పలువురు మాట్లాడడానికే వెనుకాడి ముడుచుకుపోయారు. ఆ విశ్వవిద్యాలయం 2001లో బహిరంగంగా క్షమాపణ చెప్పింది. నత్తి లేని పిల్లలే అలా ముడుచుకుపోతే, ఉన్న పిల్లల మీద మన గద్దింపు ఎంత పని చేస్తుందో ఊహించుకోవచ్చు.

బడిలో చేయవలసినవి

మంచి థెరపిస్టు బడితో కూడా మాట్లాడతారు, లేదా ఉపాధ్యాయుడికి ఒక ఉత్తరం రాసి ఇస్తారు. అడిగి రాయించుకోండి. తోటి ఉపాధ్యాయులకు నా మనవి ఇది. ముందుగా బిడ్డను ఒంటరిగా పిలిచి, తరగతిలో తనకు ఎలా ఉంటే సుఖమో అడగండి. హాజరు పిలిచినప్పుడు చేయి ఎత్తినా, ఏ మాటతో పలికినా ఒప్పుకోండి. వరుసగా ఒక్కొక్కరినీ చదివించేటప్పుడు తన వంతు కోసం ఎదురుచూసే బిడ్డకు పాఠం ఏదీ చెవికెక్కదు. అలాంటి బిడ్డను మొదట్లోనే పిలవడం మేలు. ఇద్దరు కలిసి చదివే అవకాశం ఇవ్వండి. నత్తి ఉన్నవారిలో చాలామంది నలుగురితో కలిసి చదివినప్పుడు, పాడినప్పుడు తడబడరు. మౌఖిక పరీక్షలో సమయం ఎక్కువ ఇవ్వండి. ఏ పనీ చెప్పకుండా పూర్తిగా పక్కన పెట్టడం దయ కాదు, అది మరో రకం శిక్ష.

వెక్కిరింపును చిన్న సంగతిగా తీసుకోకూడదు. 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షను బడిలో పిల్లలను కొట్టడాన్నే కాదు, మానసికంగా వేధించడాన్ని కూడా నిషేధించింది.

ఎక్కడికి వెళ్లాలి

2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద వైద్య బృందాలు అంగన్‌వాడీలకు, ప్రభుత్వ బడులకు వచ్చి పిల్లలను పరీక్షిస్తాయి. ఆ రోజు బిడ్డ మాట సంగతి నోరు తెరిచి చెప్పాలి. అవసరమైన పిల్లలను జిల్లా స్థాయిలోని సత్వర చికిత్సా కేంద్రానికి, అంటే డీఈఐసీకి పంపుతారు. జిల్లా ఆసుపత్రిలో, వైద్య కళాశాల ఆసుపత్రిలో ముక్కు, చెవి, గొంతు విభాగంలో స్పీచ్ థెరపిస్టు ఉన్నారా, ఏయే రోజుల్లో చూస్తారు అని అడగాలి.

పెద్ద సంస్థల్లో మైసూరులోని అఖిల భారత వాక్ శ్రవణ సంస్థ ముఖ్యమైనది. అది 1965లో ఏర్పడింది. బెంగళూరు నిమ్హాన్స్‌లో కూడా స్పీచ్ విభాగం ఉంది. హోసూరు, బాగేపల్లి వైపువారికి అది దగ్గర. ముంబయిలో 1983లో ఏర్పడిన అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థకు సికిందరాబాదులోనూ, భువనేశ్వర్ దగ్గరి జాన్లాలోనూ ప్రాంతీయ కేంద్రాలున్నాయి. సిరొంచ వైపువారు సికిందరాబాదుకు, రాయగడ, బరంపురం వైపువారు జాన్లాకు వెళ్లవచ్చు. యానాంవారు కాకినాడ ప్రభుత్వ సర్వజనాసుపత్రిలో మొదట విచారించవచ్చు. మొదటి పరీక్ష నేరుగా జరిగిన తరువాత వీడియో కాల్ ద్వారా చికిత్స సాగించే థెరపిస్టులు ఉన్నారు. బస్సు ఖర్చు, కూలి నష్టం భరించలేని ఇళ్లు ఈ సంగతి తప్పక అడగాలి.

ప్రైవేటుగా చూపించేటప్పుడు ఆ థెరపిస్టుకు భారత పునరావాస మండలి, అంటే ఆర్‌సీఐ నమోదు సంఖ్య ఉన్నదా అని అడగండి. 1992 చట్టం ప్రకారం ఈ వృత్తి చేసేవారికి ఆ నమోదు ఉండాలి. అడగడం అమర్యాద కాదు.

నత్తి ఉన్నవారు ఒకరికొకరు తోడుగా నిలిచే సంఘాలు కూడా మన దేశంలో ఉన్నాయి. ఏటా అక్టోబరు 22ను అంతర్జాతీయ నత్తి అవగాహన దినంగా జరుపుతారు. బడిలో ఆ రోజు పది నిమిషాలు ఈ విషయం మాట్లాడినా మేలే.

మొదట చెప్పిన అబ్బాయి నత్తి పూర్తిగా పోలేదు. వాళ్లమ్మ నెలకోసారి బస్సెక్కించి తీసుకెళ్లింది, మిగతా వారాలు ఫోనులో సాగించింది. ఇంట్లో తెలుగు మానిపించలేదు. ఏడాది చివర ఒకరోజు అతడు తానుగా చేయి ఎత్తి, "నాకు మాట మధ్యలో ఆగుతుంది, కొంచెం సేపు చూడండి" అని తరగతితో చెప్పి పద్యం మొదలుపెట్టాడు. ‘ప’ దగ్గర ఆగాడు. పెదవులు సడలించుకుని దాటాడు. మరో రెండు చోట్ల ఆగాడు. తరగతి ఎదురుచూసింది. పద్యం పూర్తయింది. పాత సున్నలు కొట్టివేసి ఆ రోజు మార్కులు వేశాను.

మీ ఇంట్లో "రాదు" అని కూర్చునే బిడ్డ ఉంటే, నిజంగా రాదో, వచ్చినది బయటికి రావడం లేదో ఒక్కసారి పక్కన నిలబడి వినండి.